బాబాయి స్పేనియళ్ళు

మొన్న మా పిల్లికి టీకా వేయించడానికి అమలాపురంలో పశువుల డాక్టరు దగ్గరకు వెళ్తే, పక్క బెంచీ మీద కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకటి కాకర్ స్పేనియల్ కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని చెవులు ముఖం కంటే పొడుగు. ఇదెక్కడి జాతని ఎవరో అడిగారు. "ఆన్‌లైన్‌లో తెప్పించేమండి" అన్నాడా అబ్బాయి. అక్కడ మా బాబాయే ఉండి ఉంటే, ఆ ప్రశ్నకు జవాబు పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయేది.

బాబాయిది కొత్తపేట దగ్గర కొబ్బరి వ్యాపారం. కూనూరు టీ తోటల్లో పనిచేసి రిటైరైన స్నేహితుడొకాయన ఓసారి ఒక స్పేనియల్ జంటను ఇచ్చి పంపారు. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడైనా సరే, ఆ జాతి కథ వినందే కదలడానికి లేదు. పేరును బట్టి స్పెయిన్ నుంచి వచ్చాయంటారు గాని, అది ఎవరూ తేల్చలేదట. తుపాకులు రాకముందు పొదల్లో పిట్టల్ని లేపి వలల్లోకి, వేటకు పెంచిన డేగల కాళ్ళలోకి తోలడం వీటి పని. ఇంగ్లండులో ఒకప్పుడు ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని పరిమాణాన్ని బట్టి విడదీసేవారట. పెద్దవి స్ప్రింగర్లు, చిన్నవి కాకర్లు. వుడ్‌కాక్ అనే పిట్ట వెంటపడతాయి కనుక కాకర్లు. "మనిషి కావాలనుకున్నదాన్ని ఎంచుకుంటూ పోతే అదే జాతవుతుందండి" అని ముగించేవారు.

ఆయన కావాలనుకున్నది మన కోనసీమ తేమకు తట్టుకునే స్పేనియల్. ఇక్కడి ఉక్కకు ఆ పొడుగు చెవుల్లో చీము పట్టేది, గుబురు బొచ్చు కింద చర్మం పాచిపోయేది. అందుకని ప్రతి ఈతలోనూ కాస్త పొట్టి చెవులు, పలచని బొచ్చు, నీళ్ళంటే భయం లేని గుణం ఉన్నవాటిని ఉంచుకుని, మిగతావాటిని తెలిసినవాళ్ళకు ఇచ్చేవారు. అవసరమైనప్పుడల్లా చెన్నై దాకా వెళ్ళి వేరే రక్తం మగకుక్కను వెతికి తెచ్చేవారు. పిల్లల చెవులు పట్టుకుని ఆయన ఎండలో తిప్పి తిప్పి చూస్తుంటే, "నా పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్షగా చూడలేదు" అనేది మా పిన్ని. అలా ఏళ్ళు గడిచాక, తేనె అని పేరు పెట్టుకున్న ఆడకుక్క పుట్టింది. చెవులు దవడ దగ్గరే ఆగాయి. కాలువ కనిపిస్తే చాలు, దూకేసేది. ఏ వానాకాలంలోనూ దానికి చెవిపోటు రాలేదు.

తేనె మొదటి ఈతలో బతికిన ఒక్క ఆడపిల్లను కాట్రేనికోనలో రొయ్యల చెరువులు చేసుకునే ఒకావిడకు ఇచ్చారు. చెరువు మీద వాలే నీటికాకుల్ని లేపడమే దాని పని. స్పేనియల్‌కు దాని కులవృత్తి మళ్ళీ దొరికిందని బాబాయి మురిసిపోయారు. తేనెకు ఇంకా ఈతలుంటాయన్న ధీమా ఆయనది. కరోనా సద్దుమణిగాక ఓ వానాకాలంలో అది మళ్ళీ ఈనింది. వయసు మీద పడింది, ఇదే ఆఖరు ఈత అన్నారు డాక్టరు గారు. పిల్లలకు టీకా వేసే వయసు ఇంకా రాలేదు. ఆ లోపలే ఎవరో తమ కుక్కపిల్లను చూపించడానికి తెచ్చారు. అది కాస్త నలతగా ఉందని వాళ్ళు వెళ్ళిపోయాక గాని మేం గమనించలేదు.

పార్వో అన్నారు డాక్టరు గారు, కుక్కపిల్లల్ని ఊడ్చిపెట్టేసే అంటురోగం. నేను కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళాను. పిన్ని బ్లీచింగు నీళ్ళతో వసారా కడుగుతూనే ఉంది, అయినా ఆ రక్తవిరేచనాల వాసన పోలేదు. బాబాయి గొడుగు తగిలించే కొక్కేనికి సెలైన్ సీసా కట్టి, పిల్లల్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. ఒకటి చల్లబడేసరికి ఇంకొకటి వాంతి చేసుకునేది. మందులన్నీ పడ్డాయి, అమలాపురానికి ఆటోలో తిరిగాం. ఆఖరున మిగిలిన ఆడపిల్ల ఒక పొద్దున లేచి గిన్నెలో నాలుగు చుక్కలు నాకింది. పిన్ని దేవుడి గదిలోకి పరిగెత్తింది. మధ్యాహ్నానికి అదీ పోయింది. తేనె ఖాళీ గోనెపట్టా మీద పడుకుని, పాలు గడ్డకట్టి మూలుగుతుంటే బాబాయి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టారు. ఆయన ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

మర్నాడు "కాట్రేనికోన వెళ్దాం అమ్మా" అన్నారు. నా బండి మీద వెనక కూర్చుని దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం తప్పే, ఉంచుకోవడానికి కాదు, ఒక్క ఈత చాలు, తర్వాత తనే తెచ్చి అప్పజెబుతానని ఆవిడ కాళ్ళు పట్టుకుంటానన్నారు.

ఆవిడ మంచినీళ్ళిచ్చి, మంచం వాల్చి, విషయమంతా విన్నది. కొంగు చివర నలుపుతూ చెప్పింది.

"తీసుకెళ్ళండీ అనేదాన్నండి. వీధికుక్కలు వెంటపడి కరిచేస్తున్నాయని పోయిన వేసంగిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేసేమండి. మీకొక మాట చెప్పాల్సిందండి."

బాబాయి చేతిలో గ్లాసు కింద పెట్టారు.

"ఆయ్. మంచిపనే చేసేరండి" అన్నారు. "లేకపోతే దాన్ని బతకనివ్వవు."

చెరువు గట్టు మీదకు నడిచాం. ఆ కుక్క వచ్చి ఆయన చెయ్యి వాసన చూసింది, తోక ఊపింది, నీటికాకులు వాలగానే వదిలేసి నీళ్ళలోకి దూకింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆయన ఏళ్ళ తరబడి కోరుకున్న చెవులు, ఆ బొచ్చు, నీళ్ళలో ఆ ఈదే తీరు, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. గట్టు మీద చతికిలబడి, అప్పుడు ఏడ్చారు. ఏం చెయ్యాలో తెలియక ఆవిడా నేనూ ఆయనకు చెరో పక్క కూర్చున్నాం.

తర్వాతి వేసవికి తేనె పోయింది. కూనూరు స్నేహితుడు మరో జంటను పంపుతానని ఫోన్ చేస్తే బాబాయి వద్దన్నారు. నేను నచ్చజెప్పబోతే, "మళ్ళీ మొదలెడితే ఆ చెవులు కుదిరేసరికి నేనుండనమ్మా" అన్నారు. మనిషికి ఒక్క తరం గడిచేలోగా కుక్కలకు ఎన్నో తరాలు గడుస్తాయి కదా, ఆ తరాలు చూసుకుంటూ తనకూ వయసు గడిచిపోతోందన్న సంగతి ఆయన ఆ రోజు దాకా గమనించనే లేదు.