మా గోత్రంలో పళ్ళ డాక్టరు

బరంపురంలో మా బట్టల కొట్టు మేడ మీద ముప్పై ఏళ్ళు పళ్ళు పీకిన చీనా డాక్టరుకి ఆ అమ్మాయి మనవరాలు. ఉండేది కలకత్తా. అక్కడి చీనా వాళ్ళ మీద చిన్న చిన్న సినిమాలు తీస్తుంది. తాత మీద కూడా ఒకటి తీస్తాను, మీరు మాట్లాడాలి అని ఫోను చేస్తే నాకు కాలు నేల మీద నిలవలేదు. ఎందుకంటే ఆ కథలో మా నాన్న పెద్దమనిషి.

డాక్టరు భార్యా కొడుకూ కలకత్తా వెళ్ళిపోయినా ఆయన ఇక్కడే ఉండిపోయాడు. ఒక తుఫాను వారంలో పోయాడు. రైళ్ళు లేవు, ఫోన్లు లేవు, ఐసు దొరికే దారి లేదు. రెండో రోజుకి నాన్న ఇంక ఆగలేకపోయాడు. శ్మశానంలో పంతులుగారు "గోత్రం ఏటండీ?" అంటే అందరం మొహమొహాలు చూసుకున్నాం.

"మాదే సెప్పండి. ముప్పై ఏళ్ళు మా మేడ మీదున్నోడు పరాయోడేటి?" అన్నాడు నాన్న.

కోమట్లం. గోత్రం దగ్గర మాకెంత పట్టింపో మాకే తెలుసు. అలాంటిది నాన్న అడక్కుండానే ఇచ్చేశాడు. కొరివి తనే పెట్టాడు, అస్థికలు ఆర్యపల్లి సముద్రంలో కలిపాడు. తర్వాత కలకత్తాకి ఉత్తరం రాశాడు. అన్నీ సక్రమంగా జరిపించాం, బెంగ పెట్టుకోవద్దు అని.

నన్ను మాట్లాడించే ముందు ఆ అమ్మాయి తన సినిమాలు ల్యాప్‌టాప్‌లో చూపించింది. ఒక్కొక్కటీ పది నిమిషాలు. మొదటిదాంట్లో ఓ ముసలమ్మ మేడ మీద దండేనికి మాంసం ఆరేస్తోంది. మా ఆవిడ మొహం తిప్పుకుని, టీ వంకతో వంటింట్లోకి పోయింది. రెండోది చెప్పులు కుట్టే ఒకాయనది. మూడోది శ్మశానం. ఏటా ఎండలు ముదరక ముందు చేసే పండగట. ఇంటిల్లిపాదీ సమాధి చుట్టూ గడ్డి పీకి, ఊడ్చి, కమలాపళ్ళు పెట్టి, టీ పోసి, అక్కడే కూర్చుని భోంచేస్తున్నారు. నవ్వుకుంటున్నారు కూడా.

"మీ వాళ్ళు పూడుస్తారా?" అన్నాను హిందీలో.

"అవునంకుల్. పోయే ముందు మా నాన్న అడిగింది ఒక్కటే, తాత సమాధి ఒక్కసారి ఊడ్చి రమ్మని. రేపు తీసుకెళ్తారు కదా?"

తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలీదు. ఆమె అవుననే అనుకుంది.

వంటింట్లో మా ఆవిడ, "ఇప్పుడే సెప్పీండి. రేపు అక్కడికెల్లి ఏటి సూపిస్తారు?" అంది. నిజమే. కానీ ఏమని చెప్పను? ఉత్తరంలో దహనం సంగతి ఒక్క ముక్క రాయని నాన్న మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఇటు తొంగిచూడని వీళ్ళ మీదా వచ్చింది. మేం చేసింది పుణ్యమా పాపమా, ఎటూ తేలలేదు.

మర్నాడు కారులో ఆమె ఒళ్ళో మా బజారులోనే కొన్న కొత్త చీపురు, కమలాపళ్ళు, ఫ్లాస్కు. ఛత్రపురం దాటేలోపు చెబుదామనుకున్నాను. ఛత్రపురం దాటిపోయింది. ఆర్యపల్లిలో ఆడవాళ్ళు ఇసుకలో చేపలు ఎండబెడుతున్నారు. ఆమె చుట్టూ చూసి "సమాధి ఎక్కడ?" అంది. సముద్రం చూపించాను. అంతా చెప్పాను.

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎవరి పద్ధతిలో?" అంది.

"మాదే. మాకు తెలిసింది అదొక్కటే."

చేతిలో చీపురు ఇసుక మీద పెట్టి, "ఏటా ఆయన్ని తలుచుకునే వాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఉన్నాం! మహాలయ అమావాస్యకి నాన్న మా పెద్దలందరికీ నువ్వుల నీళ్ళు వదిలి, చివర్న ఆయనకీ వదిలేవాడు. నాన్న తర్వాత నేను. ఒక్క ఏడూ తప్పలేదు."

ఆమె మొహం విప్పారింది. "ఏ పేరు చెప్పి?"

బోర్డు మీద చైనీస్ డెంటిస్ట్ అనే ఉండేది. మేం డాక్టరుగారూ అని పిలిచేవాళ్ళం. పంతులుగారు దానికే సంస్కృతం తొడిగి, మా తోక తగిలించి, దంతవైద్య గుప్త అనిపించేవారు. అదే చెప్పాను.

ఆమె నన్నే చూస్తూ తాత పేరు చెప్పింది. రెండే చిన్న మాటలు. నాకు నాలుక తిరగలేదు. మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా. నేను మూడోసారి పలికాక "దగ్గరికొచ్చింది" అంది.

గోత్రం అడక్కుండా ఇచ్చిన వాళ్ళం, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి పేరు అడగలేదు. ఇన్నేళ్ళూ నేను వదిలిన నీళ్ళు ఎవరికి చేరాయో ఇప్పుడు ఎవర్ని అడగను?