నైటీ మీద తువ్వాలు

హిందూపురం కాన్వెంటు స్కూల్లో దేవసహాయం గంట కొడితే లేపాక్షి బసవన్న ఒక చెవి ఇటు తిప్పేవాడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే దేవసహాయమే అందరికీ చెప్పాడు. ఒకసారి పొద్దున ప్రార్థన గంట కాస్త గట్టిగా కొట్టాడట. బెంగళూరు పోయే ప్యాసింజరు బండి అది తనకే కొట్టిన గంట అనుకుని, స్టేషను దాటినాక కూడా వెనక్కి వచ్చి నిలబడిందట. డ్రైవరు దిగివచ్చి మదర్ సుపీరియర్‌కు క్షమాపణ చెప్పుకుని, టీ తాగి పోయాడట. ఆ టీలో చక్కెర తక్కువైందని కూడా దేవసహాయమే చెబుతాడు.

అలాంటి మనిషి. నోరు తెరిస్తే కోతలు. కానీ చేతుల సంగతి వేరు. ఒకరి ఇంట్లో అగ్గిపుల్ల కూడా ముట్టినవాడు కాదు. అందుకే స్కూల్లో పని నుంచి రిటైరయ్యాక, ఆయన గంటకు పరుగెత్తిన పిల్లలే పెద్దవాళ్లై, ఇళ్లు కట్టుకుని, ఊరికి పోయేటప్పుడు ఇంటి బీగాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్లు. చెట్లకు నీళ్లు పోయాలి, కుక్క ఉంటే అన్నం పెట్టాలి, ఇంట్లో పడుకోవాలి. దేవసహాయం హాల్లో చాప వేసుకునేవాడు. సోఫా మీద కూర్చునేవాడు కాదు, పడకగదుల గడప దాటేవాడు కాదు. భార్య పోయాక ఆయనకు ఊళ్లో మిగిలిన పరువు అంతా ఆ బీగాల గుత్తిలోనే ఉండేది. పెనుకొండలో ఉన్న కూతురు ఎస్తేరమ్మ తన దగ్గరికి వచ్చేయమంటే, ఊరి ఇళ్లన్నీ తన మీదే ఆధారపడి ఉన్నాయని, తను కదిలితే హిందూపురానికి బీగం పడుతుందని చెప్పేవాడు.

ఆ వేసవిలో లక్ష్మీదేవి తమ్ముడి పెళ్లి ధర్మవరంలో జరిగింది. లక్ష్మీదేవి, భర్త శివశంకర్ దేవసహాయానికి ఇరుగుపొరుగు. వాళ్ల పెరట్లో బట్టలుతికే బండకూ, ఆయన ఉండే ఒంటిగదికీ మధ్య ఒక గోడే అడ్డం. పెళ్లికి నాలుగు రోజులు ముందే బయలుదేరుతూ శివశంకర్ బీగాలిచ్చాడు. కుక్క రోజీని తీసుకుపోలేమని, ధర్మవరంలో లక్ష్మీదేవి వదినకు కుక్కంటే పడదని చెప్పాడు. చివర్లో కారెక్కుతూ, "ఇల్లు నువ్వు చూసుకోన్నా, నిన్ను మేము చూసుకుంటాం" అన్నాడు.

పెద్ద మనసు అనుకున్నాడు దేవసహాయం. పెళ్లి నుంచి పంచో, కండువానో, కనీసం డబ్బా నిండా లడ్లో వస్తాయనుకున్నాడు.

వాకిలి దగ్గరున్న కెమెరా ఆయనకు తెలుసు. అది దొంగల కోసం. హాల్లో షోకేసు మీద, కొండపల్లి బొమ్మల పక్కన కోడిగుడ్డంత తెల్లటి వస్తువు ఒకటి ఉంది. దాన్ని ఆయన దోమల మందు యంత్రం అనుకున్నాడు. రాత్రి దోమలు కుట్టినప్పుడు, ఇది దండగమారి సరుకు అని దాని మొహం మీదే అన్నాడు కూడా.

అసలు కష్టం రోజీతో వచ్చింది. ముసలి పొమరేనియన్ అది. లక్ష్మీదేవి లేని ఇంట్లో అన్నం ముట్టనంది. మొదటి రోజు అలిగిందిలే అనుకున్నాడు. రెండో రోజు పాలలో కలిపాడు, కోడిముక్క ఉడికించాడు, రైలు కథ చెప్పాడు. రోజీ గిన్నె వైపు చూసి, మొహం తిప్పుకుంది. లక్ష్మీదేవికి ఫోన్ చేస్తే, పెళ్లింటి గోలలో ఆమె ఫోన్లోంచే రోజీ రోజీ అని పిలిచింది. కుక్క ఫోనును వాసన చూసి, నాకి, వెళ్లి గుమ్మం దగ్గర పడుకుంది. నా చేత్తో పెడితే తప్ప తినదన్నా అని లక్ష్మీదేవి దిగులుతోనే అన్నా, అందులో కొంచెం గర్వం కూడా ఉంది.

మూడో రోజు మధ్యాహ్నానికి రోజీ లేచి నిలబడబోయి తూలింది. తూలుతూనే బాత్రూము వైపు పోయి, తలుపు కొక్కానికి వేలాడుతున్న లక్ష్మీదేవి నైటీని పళ్లతో లాగి, హాల్లోకి ఈడ్చుకొచ్చి, దాని మీద ముక్కు పెట్టి పడుకుంది. దేవసహాయానికి వెంటనే ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఆలోచనలన్నీ ఇలాగే వచ్చేవి, ముందు నవ్వు, వెనక బుద్ధి.

చొక్కా, లుంగీ మీదనే ఆ నైటీ తొడుక్కున్నాడు. ఊదా రంగు మీద పసుపు పూలు. అయినా రోజీ ఊరికే చూసింది. ఏదో తక్కువైంది. అప్పుడు గుర్తొచ్చింది, లక్ష్మీదేవి వాకిట్లోకి వస్తే నైటీ మీద తువ్వాలు లేకుండా రాదు. మన ఆడవాళ్ల పద్ధతే అది, ఆ తువ్వాలు ఒకటి భుజం మీద పడితే నైటీ చీరతో సమానం. తన తువ్వాలు తీసి భుజాల చుట్టూ కప్పుకున్నాడు. గొంతు సన్నం చేసి, నడుము మీద చెయ్యి పెట్టి, "ఏమే రోజీ, నా తల్లి కదా, తిను. నువ్వు తినకపోతే నాకు ముద్ద దిగుతుందా?" అన్నాడు.

రోజీ తోక కదిలింది. లేచింది. ఒక ముద్ద తింది.

ఆయన మాట ఆపగానే అదీ ఆపింది. మళ్లీ మొదలుపెట్టాడు. లక్ష్మీదేవి ఎలా గొణుగుతుందో గోడ అవతల ఏళ్లుగా విన్నవాడే. శివశంకర్ చెప్పులు హాల్లోకి తెచ్చినందుకు తిట్టాడు. కుక్క తింది. పాలవాడిని తిట్టాడు. కుక్క తింది. గిన్నెలో ఇంకా సగం ఉంది, తిట్టవలసినవాళ్లు అయిపోయారు. అప్పుడు బట్టలు ఆరేస్తూ ఆమె ఫోన్లో ఎవరితోనో చెప్పుకున్న మాట నోటికి వచ్చేసింది.

"మా వదిన సంగతి నీకేం తెలుసే రోజీ. మగ్గంలో పోగు తెగిన చీర, అంగట్లో ఎవురూ కొననిది, ఆడబిడ్డకు పెట్టింది. పైగా దాన్నే కట్టుకుని పెళ్లికి రమ్మంటాది."

గిన్నె ఖాళీ అయింది. దేవసహాయం గెలిచినవాడిలా చేతులెత్తి ఒక చుట్టు తిరిగాడు. సరిగ్గా అప్పుడు దోమల మందు యంత్రం నవ్వింది.

ఒకరు కాదు, ఒక ఇంటెడు జనం. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. షోకేసులోంచి నవ్వు పొంగి హాలంతా పారింది. ఆ నవ్వుల మధ్య శివశంకర్ గొంతు వినిపించింది. "ఏమన్నా, నైటీ బాగా కుదిరిందే. ఇంకో సుట్టు తిరుగు, మా మామ సూడలేదంట."

దేవసహాయం కదలలేదు. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. నైటీ తీసేయాలి, కానీ వాళ్ల కళ్ల ముందు ఎలా తీయాలి? తీయకుండా ఎలా నిలబడాలి? తువ్వాలు మొహం మీదికి లాక్కుని వంటింట్లోకి పోయాడు. అక్కడా ఏదైనా తెల్లటి వస్తువు ఉందేమోనని అటకలు, డబ్బాలు, గోడలు చూశాడు. చివరికి తలుపు మూలకు ఒదిగి, స్కూల్లో తప్పు చేసిన పిల్లవాడిలా గోడకు మొహం పెట్టి, నైటీ విప్పాడు. ఈ మూడు రోజులూ ఆ హాల్లో తను చేసినవన్నీ అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిర్ర గీరుకున్నది, కట్టుడు పళ్లు తీసి నీళ్లలో వేసింది, భార్య పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడ్చింది.

నవ్వు ఆగినాక ఫోన్ చేసి, లోపల కెమెరా ఉందని ఒక మాట చెప్పకూడదా అని శివశంకర్‌ను అడిగాడు. శివశంకర్‌కు నిజంగానే ఆశ్చర్యం వేసింది.

"బయలుదేరేటప్పుడు చెప్తి కదన్నా, నిన్ను మేము చూసుకుంటామని."

తన మాటలతో ఊరినంతా ముప్పై ఏళ్లు తిప్పిన దేవసహాయం, ఒక్క మాటకు తనే బోల్తా పడ్డాడు. కుక్కకు అన్నం పెట్టేంతసేపైనా దాన్ని ఆపమని బతిమాలాడు. ఇంట్లో వస్తువులున్నాయి కదా, ఆపడం కుదరదని శివశంకర్ మర్యాదగానే చెప్పాడు. వైరు పీకేయడం దేవసహాయం చేతిలో పనే. కానీ పీకినవాడు దొంగ. పీకనివాడు నైటీ తాత.

సాయంత్రానికి ఆ పేరే ఖాయమైంది. పెళ్లింట్లో ఎవరో ఆయన నైటీ వేషాన్ని ఫోన్లో పట్టి బంధువుల గ్రూపులో పెట్టారు. అది గ్రూపులో ఆగలేదు. పెనుకొండ నుంచి ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లు తన ముందే చూసి నవ్వారని, అల్లుడు అంగడి నుంచి ఇంటికి వచ్చేశాడని చెప్పింది. తర్వాత అంది:

"బీగాలు ఎదురింట్లో ఇచ్చేసి వచ్చెయ్ నాయనా. ఇంక ఆడ ఉండొద్దు నువ్వు."

"కుక్క తినల్ల కదా తల్లీ."

"నీ పరువుకన్నా కుక్క ఎక్కువా?"

దేవసహాయం ఫోన్ పెట్టేసి లేచాడు. సంచి సర్దుకున్నాడు. రోజీ సంచి పక్కనే పడుకుంది. సాయంత్రం గిన్నెలో పెట్టిన అన్నం అలాగే ఎండిపోయింది. ఆయన చాప తీసుకుని, షోకేసుకు కనిపించని మూల ఏదా అని వెతికి, తలుపు వెనక ముడుచుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున లక్ష్మీదేవి ఫోన్ చేసింది. నవ్వడానికి కాదు. గొంతు బొంగురుపోయి ఉంది. మొదట చూసినప్పుడు నవ్వుల గోలలో ఎవరికీ మాటలు వినపడలేదట. రాత్రి వదిన ఒంటరిగా కూర్చుని ఆ వీడియో మళ్లీ పెట్టుకుని, పోగు తెగిన చీర సంగతి మొత్తం విన్నదట. లక్ష్మీదేవికి అన్నతో మాటలు ఆగిపోయాయి. తమ్ముడి తలంబ్రాలకు ఆడబిడ్డ వేదిక మీద ఉండాలా వద్దా అనే దాకా వచ్చింది.

"ఆ మాట నీకు యాడ తెలిసిందన్నా?" అని అడిగింది.

"గోడ ఈ పక్కన ఉంటా కదమ్మా. వినిపించింది."

"వినిపించిందా, విన్నావా?"

దేవసహాయం తల వంచుకున్నాడు. ఆమె ఎదురుగా లేదని కూడా గుర్తులేదు. వినిపించిన మాటే అయితే మర్చిపోయేవాడు. రోజూ సాయంత్రం తన గదిలో స్టూలు గోడకు జరుపుకుని కూర్చునేవాడు, ఆ ఇంటి కబుర్లు తనకు పేపరు చదవడం లాంటివి. నిన్న నవ్విన జనానికీ తనకూ ఏమీ తేడా లేదని తోచింది.

"విన్నానమ్మా," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చాలా నెమ్మదిగా ఒక సాయం అడిగింది. ఆ మాటలు నేను అనలేదని, నువ్వే కల్పించినావని చెప్పు. నువ్వు కోతలు కోస్తావని అందరికీ తెలుసు, నమ్ముతారు. వదినను తీసుకొచ్చి ఫోను ముందు కూర్చోబెడతాను.

జీవితంలో ఆయన లక్ష అబద్ధాలు చెప్పాడు. ఒక్కటీ ఎవరి గురించీ కాదు. రైళ్ల గురించి, బసవన్న గురించి. యజమానురాలి నైటీ తొడుక్కుని, ఆమె నోట్లో లేని మాటలు పెట్టి, ఆమె పుట్టింటిని ఎగతాళి చేశానని తన నోటితో తను చెబితే, ఈ ఊళ్లో ఇంక ఎవరు బీగం ఇస్తారు? నిన్నటి దాకా ఆయన నవ్వులపాలైన మనిషి మాత్రమే. ఇప్పుడు చెడ్డవాడు కూడా అవుతాడు.

రోజీ నేల మీద పక్కకు పడి ఉంది. పొట్ట ఎగసి ఎగసి పడుతోంది.

అన్నం కలిపాడు. వంటింట్లో మడిచి పెట్టిన నైటీ తెచ్చి, ఈసారి హాల్లోనే, షోకేసుకు ఎదురుగా తొడుక్కున్నాడు. తువ్వాలు కప్పుకున్నాడు. ఆ తెల్లటి వస్తువు ముందు నిలబడి, గంట కొట్టిన చేతులు రెండూ జోడించాడు.

"అమ్మా, నేను దేవసహాయం. నిన్నటి సీర మాట నేను కల్పించిందే. లక్ష్మీదేవమ్మ నోట నేను ఎన్నడూ వినలే. నాకు నోరు ఊరుకోదు, హిందూపురంలో ఎవురినైనా అడగండి."

దానిలోంచి కొత్త గొంతు పలికింది, పెద్దరికం ఉన్న వదిన గొంతు.

"నేను అప్పుడే అనుకున్యా, మా లక్ష్మి అట్లాంటిది కాదని. ముసలితనానికి సిగ్గుండల్లప్పా. మీ ఇంట్లో ఆడోళ్లు లేరా?"

"ఉండారమ్మా," అన్నాడు. "ఒక కూతురు."

లక్ష్మీదేవి అక్కడే ఉండి ఉంటుంది. ఆమె గొంతు రాలేదు. వాళ్లు లేచి వెళ్లారో, ఇంకా చూస్తున్నారో ఆ తెల్లటి గుడ్డును చూస్తే తెలియదు. దేవసహాయం గిన్నె పక్కన చతికిలబడ్డాడు. రోజీ తల ఎత్తి, నైటీ అంచు వాసన చూసి, ఆయన మొహంలోకి చూసింది. అది ఎదురు చూస్తున్నది ఏమిటో ఆయనకు తెలుసు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. రెండుసార్లు తన గొంతే వచ్చింది. మూడోసారికి లక్ష్మీదేవి గొంతు వచ్చింది.

"ఏమే రోజీ, సల్లారిపోతాంది. తిను తల్లీ."

రోజీ గిన్నెలో మూతి పెట్టింది. అది ఆపకుండా ఉండాలని, ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.