మొఖం చూపెట్టిన నేరం

1962 జనవరి, శనివారం. పొద్దున్న ఆరున్నరకు కంఠేశ్వర్‌లో మా ఇంటి తలుపు తట్టింది పోశవ్వ. ఏటా పసుపు ఉడకబెట్టే ముందు ఆమె, ఆమె భర్త ఎల్లయ్య వచ్చి మా పెరట్లో వెదురు గంపలు అల్లి పోతారు. ఎరుకలవాళ్లు. బుధవారం రాత్రే మా పని ముగించుకొని, గురువారం తొలి బస్సుకు బోధన్ వైపు వెళ్లారు.

"అవ్వా, ఎల్లయ్యను ఠాణాల ఏసిండ్రు. దొంగతనమట. ఒక్కసారి నువ్వొచ్చి చెప్పు" అంది. చలికి వణుకుతోంది, చెప్పులు లేవు.

బోధన్ దగ్గర ఒక క్యాంపులో, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు ఇంట్లో, బుధవారం రాత్రి ఇత్తడి బిందెలు పోయాయట. ఆ రాత్రి ఎల్లయ్య మా పెరట్లో ఉన్నాడు. ఇంతకన్నా ఆలోచించడానికి ఏముంది? రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొని బయలుదేరాను.

ఎనిమిది గంటల బండి. మూడో తరగతి. బెంచీ మీద చోటున్నా పోశవ్వ కింద కూర్చుంది. పైకి రమ్మంటే, "వద్దవ్వా, మల్ల ఎవలన్న లేపుతరు" అంది. ఎదుట ఒక హార్మోనియం పెద్దమనిషి, కోస్తావారు, క్యాంపులో నాటకానికి వెళుతున్నారు.

"ఈ రాత్రికి అమ్మవారు ఎరుకలసాని వేషంలో వచ్చి సోదె చెబుతుందండి. ఆ ఘట్టానికి జనం లేచి దండాలు పెడతారంటే నమ్మండి!" అని రాగం కూడా తీశారు. బండి కుదుపుకు పోశవ్వ కాస్త జరిగింది. ఆయన రాగం ఆపేశారు. "ఏయ్, పెట్టె ముట్టుకోకు!"

నాకు ఒళ్లు మండింది. "గామె అసలు ఎరుకలామెనే. రాత్రి మీరు దండం పెట్టేది గీమె వేషానికే."

"వేషం వేరండీ, మనుషులు వేరు" అన్నారాయన, పెట్టెను ఒళ్లోకి తీసుకుంటూ.

"నీ పెట్టెల ఏమున్నది బాపూ, గాలే గద! గాలిని నేనేడికి ఎత్కపోత?" అంది పోశవ్వ. రైలు డబ్బాలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

జానకంపేట దాటాక కిటికీకి రెండు వైపులా చెరుకే. నిజాంసాగర్ కాలువ నీళ్లు, పట్టాల పక్కన చెరుకు బండ్ల బారు. ఇంకో రోజైతే కళ్లారా చూసేదాన్ని. ఆ రోజు మాత్రం నేను చదివిన కథలన్నీ గుర్తొచ్చి కోపమే పెరిగింది. యక్షగానాల్లో ఎరుకలామె దేవత. నవలల్లో పిల్లలనెత్తుకుపోయే మనిషి. రెండింట్లోనూ బుట్ట నెత్తిన ఉంటుంది గానీ, ఆ బుట్ట అల్లే చేతులు ఎందులోనూ కనిపించవు. రైళ్లు రాకముందు గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ ఊరూరికీ చేరవేసింది వీళ్లే. రైలు ఆ బతుకు లాక్కుంటే, సర్కారు పుట్టుదొంగలని పేరు పెట్టింది.

తొమ్మిదింపావుకు బోధన్‌లో దిగాము. స్టేషన్ బయట చాయ్ తాగి, ఠాణాకు నడిచాము. ఠాణా పెద్ద, అమీన్ సాబ్, కుర్చీ వేయించాడు, నాకు మాత్రమే.

"ఇజ్జత్ ఉన్న ఖాందాన్ మనిషి, వీళ్ల కోసం ఠాణాకు వస్తరా అవ్వా?"

"ఇజ్జత్ ఉన్నదానికే వచ్చిన. బుధవారం రాత్రి ఎల్లయ్య మా పెరట్ల గంపలు అల్లిండు. కందీలు నేనే పట్టిన. అన్నం మా ఇంట్లనే తిన్నడు. గురువారం పొద్దుగాల బస్సుకు నేనే సాగదోలిన. రాస్కో."

"మరి గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలె?"

గడప అవతల నుంచి పోశవ్వ అరిచింది: "మొన్నటి సంది గదే చెప్తున్న గద దొరా!"

అమీన్ అటు చూడనైనా లేదు. పావుగంటలో ఎల్లయ్యను వదిలారు. ఆమె రెండు రోజులు గడపలో నిలబడి చెప్పిన మాటే నేను చెప్పాను, ఒక్క అక్షరం ఎక్కువ కాదు. నా నోట్లో అది సాక్ష్యమైంది, ఆమె నోట్లో ఏడుపైంది. దీనికి నేను సంతోషించాలా?

ఎల్లయ్య కుడిచేయి వాచి ఉంది. వేళ్లు ముడుచుకోవడం లేదు. దవాఖానాలో కట్టు కట్టించి, సాయంత్రం నాలుగున్నర బండి ఎక్కాము. ఈసారి పోశవ్వను చేయి పట్టి లాగి బెంచీ మీద కూర్చోబెట్టాను. రొట్టెను ఆమె ముక్కలు చేసి అతని నోట్లో పెట్టింది.

"అసలు నిన్నెట్ల పట్టిండ్రు?" అని అడిగాను.

"నేనే పోయిన అవ్వా. క్యాంపుల దిగంగనే పోలీస్ పటేల్ కాడికి పోయి, నేను ఎరుకల ఎల్లయ్యను, నాల్గు దినాలు ఈడ ఉంట అని చెప్పిన. మాపటికే జవాన్లు వచ్చిండ్రు."

"ఎవలు చెప్పుమన్నరు నిన్ను?"

"మా బాపు. ఏ ఊరికి పోయినా ముందుగాల మొఖం చూపెట్టాలె. లేకుంటే దొంగ అంటరు."

ఎరుకలవాళ్లు ఊరూరా పోలీసులకు హాజరీ ఇవ్వాలనే ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకే రద్దయిందని చెప్పాను. అతను పోశవ్వ వైపు చూశాడు.

"పోయిందట" అంది ఆమె. "పటేల్‌కు ఎవలన్న చెప్పిండ్రా అవ్వా?"

దొంగ దాక్కున్నాడు, వచ్చానని చెప్పినవాడు దొరికాడు. బోధన్ వెళ్లే పాఠకులు కాలువలూ చెరుకు తోటలూ తప్పక చూడండి, బాగుంటాయి. ఆ ఠాణా గడప కూడా చూసి రండి.

జానకంపేటలో వాళ్లు దిగారు. అక్కడ బంధువుల గుడిసెలున్నాయట. "ఇంక ఎవలకూ చెప్పకు, సీదా పో" అన్నాను. ఎల్లయ్య తలూపి, కట్టు కట్టిన చేత్తోనే దండం పెట్టాడు. గేటు దగ్గర ఒక రైల్వే పోలీసు జవాను చాయ్ తాగుతూ పట్టాల వైపు చూస్తున్నాడు. ఎల్లయ్య తిన్నగా అతని ముందుకు వెళ్లి, తలరుమాలు తీసి నిలబడ్డాడు. పోశవ్వ వెనక నుంచి అంగీ పట్టి లాగుతోంది. నేను కిటికీలోంచి "ఎల్లయ్యా!" అని కేక వేశాను. బండి కదిలింది. అప్పటిదాకా వాళ్లను చూడనే చూడని జవాను, చాయ్ గ్లాసు కింద పెట్టి, పోశవ్వ చంకలోని మూట విప్పమన్నాడు.