కాశీలో వదిలేసిన జామపండు

మా ఎదురు ఫ్లాటు టీచరమ్మ పోయారన్న కబురు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చదివాను. అప్పుడు కోకాపేటలో మా ఆఫీసు పదిహేడో అంతస్తులో ఒక మీటింగులో కూర్చుని ఉన్నాను. "మొన్ననే కాశీయాత్ర చేసి వచ్చిన పుణ్యాత్మురాలు, ఆ విశ్వనాథుడే పిలుచుకున్నాడు" అని రాశారు అసోసియేషన్ సెక్రటరీ గారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, ఫోన్ బోర్లించి, తెర మీద ఎవరో చూపిస్తున్న అంకెల్ని చూస్తూ కూర్చున్నాను.

ఆ సందేశంలో ఒక తప్పుంది. టీచరమ్మ కాశీ వెళ్ళలేదు. ఆ ఎనిమిది రోజులూ ఆవిడ నాతో నైరోబీలో ఉన్నారు. చాలా రోజులు ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నలుగురికీ చెబుతున్నానంటే, వాళ్ళబ్బాయి రాయమన్నాడు కనక.

ఆవిడది ఈ చుట్టుపక్కల ఊరే. ఇప్పుడు ఆ ఊరి మీదుగా రోడ్డు పోతోంది. సర్కారు బడిలో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. మనిషికి దిక్కుల పిచ్చి. కుడి, ఎడమ అనే మాటలు ఆవిడ నోట నేను వినలేదు. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడికి కూడా "తూర్పు బాత్రూముల కారుతుంది, జర చూడు" అని చెప్పేవారు. క్యాబ్ డ్రైవరు ఫోన్ చేస్తే "ఫ్లైఓవర్ దిగినంక ఏనుగుబండ ఉండె గదా, ఆడ ఆగు" అనేవారు. ఆ బండని పగలగొట్టి పన్నెండేళ్ళయింది. పాపం ఆ డ్రైవరు ఏ జిల్లానుంచి వచ్చాడో, బండ కోసం వెతుక్కుంటూ రెండు చుట్లు తిరిగేవాడు.

నేను కాకినాడ నుంచి వచ్చినదాన్ని. ఈ నగరంలో నన్ను 'బిడ్డా' అని పిలిచింది ఆవిడొక్కరే. సాయంత్రం నడక అయ్యాక ఇద్దరం కొత్తగూడ చౌరస్తా దగ్గర బండి మీద జామపండు కోయించుకునేవాళ్ళం. ఉప్పూకారం అద్దిన ముక్క నోట్లో పెట్టుకోగానే ఆవిడ కళ్ళు మూసుకునేవారు. ఆ పండు అయ్యేదాకా దేవుడొచ్చి పిలిచినా పలకరు.

మా కంపెనీ ట్రావెల్ ఏజెన్సీలకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. నైరోబీలో ఒక సఫారీ కంపెనీ వాళ్ళకి దాన్ని నేర్పించడానికి నన్ను పంపుతున్నారని జామబండి దగ్గరే చెప్పాను. ఆవిడ నమలడం ఆపేశారు.

"నైరోబీ అంటే భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ దక్షిణం. మనకు నైరుతి దిక్కు. నన్ను గూడ తీస్కపోతవా బిడ్డా?"

నవ్వులాట అనుకున్నాను. కాదు.

"ముప్ఫై ఏండ్లు పిల్లలకు సవన్నా గడ్డి మైదానాలని పాఠం చెప్పిన. ఒక్క గడ్డిపోస చూడలె. చూడనిది చూసినట్టు చెప్పుడు అబద్ధమే గదా? పటం మీద ఏలు పెడితే పోయినట్టు గాదు."

"మరి మీ అబ్బాయి?"

"ఆఫ్రికా అంటే కాలు బయట పెట్టనియ్యడు. కాశీ అంటే సూట్‌కేస్ ఆడే సర్దిస్తడు."

వాళ్ళబ్బాయి చెడ్డవాడు కాదు. తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయినప్పటి నుంచి తల్లిని ఒంటరిగా రోడ్డు కూడా దాటనిచ్చేవాడు కాదు. సింగపూర్ తీసుకెళ్తానని పాస్‌పోర్టు చేయించి, విమానమంటే భయపడి తనే మానేశాడు. అలాంటివాడు కాశీ అని, తోడు నేను వెళ్తున్నానని అనగానే నిజంగానే సూట్‌కేస్ సర్దాడు. నేను వద్దనాల్సింది. అనలేదు. బడి ఎగ్గొట్టే పిల్లల సరదా నాకు ఈ వయసులో పట్టుకుంది.

టీకాలు వేసే చోట డాక్టరమ్మ ఆవిడకి టీకా వేసినట్టు రాసిన ఒక పసుపు పుస్తకం, మలేరియా రాకుండా మాత్రలు ఇచ్చింది. అక్కడున్నన్ని రోజులూ వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు మానకూడదు. "ఇంకో మాట. వచ్చాక ఎప్పుడు జ్వరమొచ్చినా, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా, ముందు ఆఫ్రికా వెళ్ళొచ్చానని చెప్పండి. తర్వాతే జ్వరం సంగతి చెప్పండి." టీచరమ్మ ఆ మాటని పాఠంలా రెండుసార్లు అప్పజెప్పారు. నేను సాక్షిని.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు నిజాంపేటలో పూజా సామాన్ల దుకాణానికి వెళ్ళాం. అక్కడ సీలు వేసిన చిన్న రాగి చెంబుల్లో గంగాజలం అమ్ముతారు. నాలుగు చెంబులు, రెండు కట్టల కాశీదారాలు కొన్నారు. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని నేను ఎగతాళి చేశాను గానీ, వెళ్ళని యాత్రకి ప్రసాదం ముందే సంచిలో వేసుకుంటుంటే మనసు ఎందుకో కీడు శంకించింది. చెంబులు నా అల్మరాలో దాచాం.

నైరోబీ చలిగా ఉంది. చాయ్‌ని అక్కడ కూడా చాయ్ అనే అంటారని తెలిసి ఆవిడ పొంగిపోయారు. ఊరి పక్కనే కంచె, కంచెకవతల అడవి. జిరాఫీల మెడల వెనక అద్దాల భవనాలు కనిపిస్తాయి. "గిది మన కోకాపేట లెక్కనే ఉంది. గాని వీళ్ళు జంతువులను ఉంచిండ్రు" అన్నారు. మధ్యాహ్నం మేమున్న గెస్ట్‌హౌస్ వాకిట్లో నిలబడి నన్ను కేకేసి పిలిచారు. కాళ్ళ దగ్గర పొట్టి నీడ.

"చూడు బిడ్డా. మన దగ్గర ఈ నెలల పగటాల నీడ ఉత్తరానికి పడుతది. ఈడ దక్షిణానికి పడ్డది. నా నీడ దిక్కు మారింది!"

ఆవిడకి అది పాఠం. దక్షిణం యముడి దిక్కని మా అమ్మమ్మ చెప్పేది. ఫొటో తియ్యమంటే తీశాను. అందులో ఆవిడ కంటే నీడే ముందు కనిపిస్తుంది.

ఆఫీసు పని అయ్యాక రెండు రోజులు మాసాయి మారా గడ్డి మైదానాలకి వెళ్ళాం. గడ్డి చూడగానే టీచరమ్మ జీపులో లేచి నిలబడ్డారు. "పుస్తకంల ఎత్తు తక్కువ రాసిండ్రు" అని మాత్రం అన్నారు. మర్నాడు పొద్దున డేరా ముందు కూర్చుని ఉండగా వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. సరిగ్గా అప్పుడే గడ్డిలోంచి ఒక శబ్దం వచ్చింది. చెవులకంటే ముందు కడుపులో వినిపించే శబ్దం.

"ఏంది అమ్మా అది?"

"ఎద్దు రా. కాశీల ఎద్దులెక్కువ గదా, గల్లీల రంకెలేస్తయ్" అన్నారు ఆవిడ, గొంతు ఏమాత్రం వణక్కుండా.

ఆ సాయంత్రం పొద్దుగుంకుతుంటే డేరాలోకి రమ్మన్నా రాలేదు. నిండు చేతుల చొక్కా ఇస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "పడమర ఎర్రబడ్డది, జరసేపు చూడనియ్యి." చేతి మీద దోమ వాలితే కొట్టి, నవ్వి, తుడుచుకున్నారు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

తిరిగొచ్చి, నా అల్మరాలోని చెంబులూ దారాలూ తీసుకుని వాళ్ళింటికెళ్ళగానే కోడలు ఎదురొచ్చి అడిగింది: "కాశీల ఏం వదిలేసిండ్రు అత్తమ్మా?" కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి రావాలి, ఇక జన్మలో ముట్టకూడదు. మేం దారాలు కొన్నాం, నీళ్ళు కొన్నాం, ఈ ప్రశ్నకి జవాబు కొనుక్కోవడం మరిచాం. టీపాయ్ మీద పళ్ళెంలో జామకాయలున్నాయి. "జామపండు" అనేశారు.

మర్నాడు బండి దగ్గర, ఇక్కడెవరు చూస్తారు తినండి అని బతిమాలాను. ముట్టలేదు.

"అబద్ధంల ఒక్కటన్న నిజముండాలె బిడ్డా" అన్నారు. నేను తింటుంటే ఆవిడ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

పాస్‌పోర్టు, పసుపు పుస్తకం, మాత్రల అట్ట నా సొరుగులో ఉండిపోయాయి. వాళ్ళింట్లో ఆవిడ మందులన్నీ కొడుకే చూసి వారానికి సరిపడా డబ్బాలో సర్దుతాడు, కొత్త మాత్ర కనిపిస్తే అడుగుతాడు. అందుకని రోజూ మా ఇంటికొచ్చి మింగి వెళ్ళాలని ఒప్పందం. అయిదు రోజులు వచ్చారు. ఆ తర్వాత మా ప్రాజెక్టు రిలీజు వచ్చింది. నేను ఇంటి మొహం చూస్తే ఒట్టు. ఆవిడ వచ్చినప్పుడల్లా నా తలుపుకి తాళం. ఇంకో తాళంచెవి ఆవిడ చేతిలో పెడితే సరిపోయేది. ఆ ఉపాయం ఇప్పుడు తడుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఫోన్ చేసి మాత్రల సంగతి అడిగితే, "ఫికర్ చెయ్యకు. ఇంటికొచ్చినం గదా, ఇగ ఆ దోమ గీడికెట్ల వస్తది?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆవిడకి జ్వరం మొదలైన నాలుగో రోజున గానీ నాకు తెలియలేదు. వానాకాలం, ఊరంతా జ్వరాలే. దవాఖానకి పరిగెత్తాను. మొదటి రక్తపరీక్షలో ఏమీ బయటపడలేదట. నేను గదిలో ఉండగానే డాక్టరు గారు అడిగారు, ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా అని.

"కాశీ పోయొచ్చింది సార్" అన్నాడు కొడుకు.

టీచరమ్మ కళ్ళు తెరిచి నన్ను చూశారు. దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి నా వేళ్ళు పట్టుకున్నారు. కాలిపోతున్న చెయ్యి. గట్టిగా ఒకసారి నొక్కారు. తల అడ్డంగా, తెలిసీ తెలియనట్టు కదిలింది. చెప్పకు అని.

నేను చెప్పలేదు.

రేపు పొద్దున నిదానంగా, ఆవిడనే ఒప్పించి చెబుదామనుకున్నాను. ఆ రేపు పొద్దున వెళ్ళేసరికి ఆవిడకి స్పృహ లేదు. కొడుకు నేను దాచిన రాగి చెంబుల్లో ఒకదాని సీలు తీసి, దూది ముంచి తల్లి పెదాలు తడుపుతున్నాడు. ఆ చెంబు చూశాక ఇక నా నోరు ఆగలేదు. డాక్టరు గారి దగ్గరికెళ్ళి "నైరోబీ, మాసాయి మారా, మాత్రలు మధ్యలో ఆపేశారు" అని ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన నా వైపు ఒక క్షణం చూసి నర్సుని కేకేశారు. మళ్ళీ పరీక్ష, వెంటనే మందు. అప్పటికి మూత్రపిండాలు చెడిపోయాయి. "నిన్న తెలిసి ఉంటే..." అని ఆయన మాట మధ్యలో ఆపేశారు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ ఒక్క రోజూ నాది.

కొడుకు వరండాలో అంతా విని, "ఎన్ని రోజులున్నరు ఆడ?" అని మాత్రం అడిగాడు. ఎనిమిది అన్నాను. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. రెండు రోజులకి ఆవిడ పోయారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్ట ముట్టేదాకా ఎదురుచూడటం వాళ్ళ ఆనవాయితీ. శ్మశానం చుట్టూ కడుతున్న టవర్లు. కాకులే లేవు. దూరంగా ఒక్కటి క్రేన్ మీద కూర్చుని కిందికి చూస్తోంది గానీ దిగదు. గారెలు, మటన్ కూర, పెరుగన్నం అన్నీ అలాగే ఉన్నాయి. అరగంట అయింది, గంట అయింది. ముసలివాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు, మనసుల ఏదో పెట్టుకొని పోయింది అని. ఆ ఏదో ఏమిటో నాకు తెలుసు.

కొడుకు లేచి రోడ్డు మీదికి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో కాగితం, కాగితంలో ఉప్పూకారం అద్దిన జామముక్కలు.

"అరే, కాశీల వదిలేసింది గదరా! పెట్టొద్దు, పాపం" అంది వాళ్ళ పెద్దమ్మ.

"ఏం గాదు పెద్దమ్మా. పెట్టనియ్యి" అన్నాడు. ముక్కలు విస్తట్లో ఒక్కొక్కటే సర్ది, దూరం జరిగి వచ్చి, నా పక్కన నిలబడ్డాడు.

"అక్కా. ఆ రోజు ఫోన్ల ఎద్దు అన్నది అమ్మ. ఏంది అది?"

"సింహం, తమ్ముడూ."

"భయపడ్డదా?"

"దానికి భయపడలేదు. నువ్వు ఫోన్ పెట్టేశాక భయపడ్డారు. 'ఆడు గుర్తుపట్టిండా' అని నన్ను రెండుసార్లు అడిగారు."

అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. నేను అతని వీపు మీద చెయ్యి వేశాను. తోసెయ్యలేదు.

కాకి క్రేన్ మీంచి దిగింది. గారెల్ని దాటింది, కూరని దాటింది, జామముక్క ఒకటి ముక్కున కరుచుకుని లేచింది. అందరూ దండాలు పెట్టారు. అది టవర్ల మీదుగా ఎటు వెళ్తుందో చూశాను. నైరుతికి వెళ్ళింది.