నీలి లైటులో లేచిన గోదారి

ఆ రోజుల్లో స్టేజీ మీద రంగుల లైటు పడితే, ఆ రంగు చెదరకుండా ఫిల్ము మీదికి దించగలిగినవాడు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. (మా స్టూడియో ఓనరు ఈ మాట వినకూడదు. కెమెరా ఆయనది, నేర్పింది ఆయన, నేను చేరి అప్పటికి నాలుగే నెలలు.) దుమ్ముగూడెం దగ్గరి హైస్కూల్లో పిల్లలు వేసిన పాటల నాటకానికి నేను తీసిన ఒక్క ఫోటో చూసి హైదరాబాదు పెద్దలు నా అడ్రసు అడిగారని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పుకుంటూ వస్తున్నాను. నిజానికి అడిగింది మా బావ ఒక్కడే, అదీ పెండ్లి కార్డు పంపడానికి.

ఓనరుకు జ్వరమొచ్చి నన్ను పంపించిండు. బస్సెక్కే ముందు చెప్పిండు: "ఉపన్యాసాలకు ఉత్త ఫ్లాషు కొట్టు. నాటకానికి మాత్రం ఫ్లాషు ముట్టకు, రంగులన్నీ చస్తయ్. ఆ లైట్లకే తియ్యి. ఊపిరి బిగబట్టు, చెయ్యి కదిలిందో, అంతే సంగతి." ఉత్త ఫ్లాషు అంటే కెమెరా నొక్కకుండా ఒట్టి వెలుగు మెరిపించడం. ఫిల్ము మిగులుతుంది, మనిషీ మురుస్తాడు. ముఖ్య అతిథి గారికి ఏడు మెరుపులు మెరిపించాను. ఆయన ఏడుసార్లూ శాలువా సర్దుకొని, ఏడుసార్లూ ఒకే తీరుగా నవ్విండు. పాపం, అందులో ఒక్కటీ ఫోటో కాదు.

నాటకం మొదలయ్యే ముందు ఒకాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తునికాకు కోతల నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తలకు తువ్వాల, కాళ్లకు దుమ్ము. "బాబూ, గోదారి ఏషం మా బిడ్డది. దాని తల్లి కాలిరిగి ఇంట్ల పన్నది, రాలేకపాయె. నేను చెప్తే నమ్మది. ఒక్క ఫోటో తియ్యి, తీస్కపోయి సూపిస్త," అన్నాడు. "ఒక్కటేంది పెద్దాయనా, పది తీస్త!" అన్నాను. (మాటలకు ఫిల్ము ఖర్చు కాదు కదా.)

తెర లేచింది. ఖమ్మం నుంచి వచ్చిన లైట్లాయన రంగు కాగితాల చక్రం చేత్తో తిప్పుతుంటే, మామూలు అట్టలతో చేసిన అడవి ఒకసారి పచ్చగా, ఒకసారి మోదుగ పూసినంత ఎర్రగా అయిపోయింది. పిల్లలు మాటకు బదులు పాటే పాడుతున్నారు. పొద్దున ఇదే వరండాలో చీమిడి ముక్కులతో ఉరికిన పిల్లలేనా వీళ్లు అనిపించింది. ఏది వదలాలో తెలియక ఎర్రకొకటి, పచ్చకొకటి నొక్కుతూ పోయి, చూసుకుంటే ఒక్క ఫోటోకు సరిపడా ఫిల్మే మిగిలింది. గోదారి ఇంకా రానేలేదు.

అప్పుడు లైట్లన్నీ ఆరి, ఒక్క నీలం వెలిగింది. నేల మీద పరిచిన నీలి చీరెలను అటొకరు ఇటొకరు పట్టి ఊపుతుంటే, వాటి నడుమ నుంచి ఆ పిల్ల మెల్లగా లేచి, చేతులు చాచి పాట ఎత్తుకుంది. నేను రోజూ చూసే గోదారే. అయినా వరదలో కూడా అట్ల నా మీదికి రాలేదు. ఆమె గొంతు పైకి పోయిన కొద్దీ నా నోరు తెరుచుకుపోయింది. పాట ముగిసింది, తెర పడింది. నా వేలు బటన్ మీదనే ఉంది, నొక్కనే లేదు.

"వచ్చిందా బాబూ?" అన్నాడు పెద్దాయన. ఇంకో ఉత్త ఫ్లాషు లాంటి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మంచంలో ఉన్న ఆ తల్లి గుర్తొచ్చింది. తెర దగ్గరకు ఉరికి, "హెడ్మాస్టరు గారూ, గోదారిని మళ్ల ఒక్కసారి లేపుండ్రి!" అని అరిచాను. జనం చప్పట్లు కొట్టారు, లైట్లాయన తిట్టుకుంటూనే నీలం వేసిండు, గోదారి రెండోసారి లేచింది. ఈసారి నొక్కాను. ఫోటోలో ఆమె చేతులు రెండు నీలిపాయలై పారుతున్నట్టు వచ్చినయ్. కావాలనే కెమెరాను కొద్దిగా ఊపానని, అదొక పనితనమని అందరికీ చెప్పేవాణ్ని. అప్పటి నా తెరిచిన నోరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత విడ్డూరంగా దేన్నైనా చూసి ఎన్నాళ్లయిందో.

ఆ గోదారి ఇప్పుడు చండ్రుగొండలో రిటైరైన టీచరమ్మ, నన్ను అన్నా అంటుంది. ఇదంతా మొన్న ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా విని అన్నది:

"అంతా మంచిగనే రాసినవ్ గని, మళ్ల పాడమని అడిగింది నువ్వు కాదన్నా, మా నాయన. నువ్వు రెండోసారి గూడ నోరు తెరుసుకొనే ఉన్నవ్. 'నొక్కు బాబూ' అని నాయన నీ భుజం మీద ఒక్కటి సరిసిండు. ఫోటో కదిలింది అందుకే."