పింకీ పురుళ్ళు

వరహాలక్ష్మి ముగ్గురు కోడళ్ళకు పురుళ్ళు పోసింది. బాలింత మందు కాయం తినిపించి, బాలింతలకు చలిగాలి సోకనివ్వలేదు.

భర్త భాస్కరం పెంచే పొమేరియన్ పింకీ కాకినాడ డాగ్ షోలో కప్పు గెలిచాక దాని పిల్లలకు గిరాకీ పెరిగింది. పిల్లలను పాలు మాన్పించి అమ్మడం, తల్లి ఎదకు రాగానే మళ్ళీ కట్టించడం, ఇదే వరస. పింకీ బొచ్చు రాలి వెన్నెముక తేలింది.

ఆ ఆదివారం కుక్కల బేరాలు చేసే హరిబాబు ధవళేశ్వరం నుంచి మగకుక్కను తెచ్చేసరికి, ఆవిడ పింకీని గదిలో పెట్టి గడప మీద కూర్చుంది.

"అక్కయ్యగారూ, అది కుక్కండి, మీ కోడలు కాదు" అని నవ్వాడు హరిబాబు.

"కోడలైతే ఈపాటికి మిమ్మల్ని తిట్టిపోసేది." ఆవిడ భర్త వైపు తిరిగింది. "రెండో కాన్పులో నేను చావబోతే, మీ అమ్మగారు మిమ్మల్ని ఏడాదిపాటు నా గది ఛాయలకు రానిచ్చారా?"

భాస్కరం ముఖం మాడ్చుకుని, "తీసుకెళ్ళవయ్యా" అన్నాడు హరిబాబుతో.

మగకుక్క వీధి మలుపు తిరిగినా ఆవిడ లేవలేదు.