బోణీ వేళకు వచ్చేవాడు

జగ్గయ్యపేట బజార్లో మాది కిరాణా కొట్టు. ఎదురుగా ఇత్తడి సామాన్ల కొట్టు. ఆ కొట్టువాళ్ల అబ్బాయి, నేను ఒకే ఈడువాళ్లం. బేరమాడటం మాకు ఎవరూ నేర్పలేదు. బడి నుంచి వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుంటే చెవిలో పడీపడీ అదే అంటుకుంది. ఇద్దరం విజయవాడలో ఇంజనీరింగ్ చదివాం, ఇద్దరం ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాం. హాస్టల్ గది దగ్గర్నుంచి మొదటి జీతం దాకా అన్నీ బేరమాడే సాధించామని మా నమ్మకం. మొదటి జీతం విషయంలో మాత్రం, నేను పట్టుబట్టి సాధించిన దానికన్నా వాళ్లు ముందే ఇద్దామనుకున్నది ఎక్కువని తర్వాత తెలిసింది. అయినా నమ్మకం పోలేదు.

మా నాన్న ఒక్కచోట మాత్రం బేరమాడడు. పొద్దున షట్టర్ ఎత్తి, గుమ్మంలో నీళ్లు చల్లి, తక్కెడకు దణ్ణం పెట్టుకున్నాక మొదట మెట్టెక్కిన మనిషి ఎంతకడిగితే అంతకే. "బోణీ మనిషిని తిప్పి పంపితే గల్లాపెట్టె సాయంత్రం దాకా మొహం మాడ్చుకుని కూర్చుంటదిరా" అనేవాడు. ఎదురుకొట్లోనూ అదే పద్ధతి. నేను కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరినా ఈ ఒక్క అలవాటు నా వెంటే వచ్చింది. వచ్చిందని నాకన్నా ముందు వాడు కనిపెట్టాడు.

కంపెనీ యజమానిది నందిగామ. హైదరాబాద్‌లో అద్దెలు మండిపోతున్నాయని సొంత ఊళ్లో, ఒక పురుగుమందుల కొట్టు మీదున్న రెండు గదుల్లో చిన్న శాఖ తెరిచారు. రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయి ఉంటుంది. అప్పుడప్పుడే ఆఫీసుల్లో, హోటళ్లలో వైర్లు లేని నెట్‌వర్కులు పెడుతున్నారు. గోడలకీ సీలింగులకీ ఎన్ని చిన్న డబ్బాలు బిగించినా, వాటన్నిటికీ ఏం చేయాలో చెప్పే పెద్ద పెట్టె ఒకటి ఉండాలి. దాన్నే కంట్రోలర్ అంటారు. మేం మూడు రకాల కంట్రోలర్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. ఒకటి ఆఫీసులకు, ఒకటి హోటళ్లకు, ఒకటి ఫ్యాక్టరీలకు. మూడింటిలోనూ సగం పని ఒకటే. ఎవరు లోపలికి రావచ్చో చూడటం, డబ్బాల నుంచి వచ్చే సందేశాలను వరుసలో పెట్టడం, జరిగినదంతా రాసి ఉంచడం. ఆ సగాన్ని ఒక్కచోట రాసి ముగ్గురికీ అందించే ఉమ్మడి లైబ్రరీల పని నాది.

మా నాన్న అడిగితే ఇలా చెప్పాను: "మూడు చిల్లర కొట్లు, ఒక గోడౌను. నేను గోడౌను."

ఆయన చుట్ట ఆర్పి, "మరి కొనేవాళ్ల మొహం ఎవరు చూస్తారు?" అన్నాడు.

"కొట్లవాళ్లు చూస్తారు."

"అయితే నీ మొహం ఎవరూ చూడరన్నమాట" అని మళ్లీ చుట్ట వెలిగించుకున్నాడు. నేను నవ్వాను. ఆ మాట నాకు అర్థం కావడానికి ఒక రిలీజు పట్టింది.

నందిగామ గదుల్లో ఒకదాంట్లో మా లైబ్రరీ మనుషులం నలుగురం. రెండోదాంట్లో ఫ్యాక్టరీ కంట్రోలర్ రాసేవాళ్లు. వాళ్లకి పెద్ద మా ఎదురుకొట్టు అబ్బాయే. మిగతా రెండు కంట్రోలర్లవాళ్లు హైదరాబాద్‌లో ఉండేవాళ్లు. మా నలుగురిలో, నందిగామకు దగ్గర్లోనే ఉన్న కీసర నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె. లైబ్రరీని అన్నిరకాలుగా పరీక్షించి, తప్పులు పట్టుకోవడం తన పని. చేరిన రోజే చెప్పేసింది: "హైదరాబాదయితే మా ఇంట్లో పంపరండి. నందిగామ కాబట్టి వచ్చా. ఈ గది ఉన్నన్నాళ్లే నా ఉద్యోగం."

పాత లైబ్రరీ అప్పటికి అతుకుల బొంతయింది. ఒకరు అడిగారని ఒక మాసిక, ఇంకొకరు ఏడ్చారని ఇంకొకటి. అందుకని మొత్తం కొత్తగా రాశాం. దాన్ని విడుదల చేసే ప్లాను నన్ను వేయమన్నారు. ముందు అడుగున ఉండే లైబ్రరీ, దాని మీద నిలబడేవి తర్వాత, ఆ పైన మూడు కంట్రోలర్లూ ఒకేసారి పాతది వదిలి కొత్తదానికి మారాలి. ఒకరు మారి ఒకరు ఆగితే పాతదీ కొత్తదీ రెండూ మేమే మొయ్యాలి. నలుగురికి అది తలకు మించిన బరువు.

యజమాని కూడా సంగతి తేల్చి చెప్పారు. "మూడూ దీని మీదికి ఎక్కితే లైబ్రరీ పని ఎప్పటికీ నందిగామలోనే ఉంటుంది. నాదీ పూచీ. ఎక్కకపోతే ఆ గది నాకు దండగ, ఖాళీ చేసేద్దాం."

కాబట్టి నా తిప్పలన్నీ ఆ గది కోసం. అవి తేదీల చుట్టూ తిరిగాయి.

తేదీల బేరంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ఆఫీసు కంట్రోలర్ ఆయనకి మా పని అయ్యే రోజు కన్నా వెనక రోజు చెప్పి, ఆయన గొణిగితే త్యాగం చేస్తున్నట్టు ముందుకు జరిపేవాణ్ణి. హోటల్ కంట్రోలర్ ఆయన ఇంకా ముదురు. ఆయనతో ఫోనులో, "మీ మాట కాదనలేక ఒప్పుకుంటున్నానండీ" అని నాకు కావలసిందే ఒప్పుకునేవాణ్ణి. ఇద్దరూ సిద్ధమయ్యారు. తమ ప్రోగ్రాముల్లో లైబ్రరీని పిలిచే పాత పేర్లు తీసేసి కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఇంక నా పక్క గదివాడు ఒక్కడే మిగిలాడు. వాడి గురించి నాకు దిగులే లేదు. పొద్దున జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు మీదుగా బస్సులో కునుకు తీస్తూ వచ్చేవాణ్ణి, అంత నిశ్చింత.

నందిగామ ఆఫీసు షట్టర్ తీసేది నేనే. కింద కొట్లోంచి పైకి కొట్టే మందు వాసన పోయేలా కిటికీలు తెరిచి, కుర్చీలో కూర్చున్నానో లేదో, గుమ్మంలో వాడు.

"బావా, బోణీ."

"ఏంట్రా?"

"నీ కొత్త లైబ్రరీ బంగారంరా. కానీ మావాళ్లు ఇంకా పాత పేర్లతోనే పిలుస్తున్నారు. ఒక్క వారం జరుపు."

"మిగతా ఇద్దరూ రెడీగా ఉన్నార్రా."

"వాళ్లు మధ్యాన్నం అడుగుతారు. నేను బోణీ వేళ అడుగుతున్నా. కాదంటావా?"

నవ్వొచ్చింది. ఇచ్చేశాను. తర్వాత ఫోను పట్టుకుని మిగతా ఇద్దరినీ బతిమాలాను. బతిమాలటం ఊరికే అవదు. ఆఫీసు కంట్రోలర్‌కు వాళ్లడిగిన మార్పులు ముందు చేసిపెడతానన్నాను. ఆ పని మా నలుగురి నెత్తిన పడింది.

మళ్లీ ఒక పొద్దున వచ్చాడు. ఈసారి సందేశాలను వరుసలో పెట్టే భాగం పూర్తయ్యేదాకా ఆగమన్నాడు. "ఫ్యాక్టరీల్లో అదే ప్రాణం బావా. అది నువ్వు రాస్తేనే నాకు నమ్మకం" అన్నాడు. పొగిడితే పొంగిపోయే జబ్బు నాకు కొట్లోనే ఉంది. అదీ ఒప్పుకున్నాను. ఆ భాగం నేనే కూర్చుని రాసి, ఎప్పటిలాగే రెండు గదులకీ కనిపించే ఉమ్మడి కంప్యూటర్లో పెట్టాను. ముందొచ్చిన సందేశం ముందే వెళ్లాలి, ఎవరికీ మినహాయింపు లేదు. ఆ నియమం దగ్గర, ప్రోగ్రాముకు పనికిరాకపోయినా చదివేవాళ్ల కోసం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి రాశాను: 'ఇక్కడ బేరం లేదు.'

మూడోసారి వాడు మెట్లెక్కుతుంటే కీసర అమ్మాయి నాకన్నా ముందే చూసింది.

"సార్, వస్తున్నారు మీ బోణీ. ఇవాళ నన్ను ముందు ఏదో ఒకటి అడగనివ్వండి. ఒక పెన్ను ఇవ్వండి చాలు, బోణీ నాదవుద్ది."

"ఊరుకోమ్మా, వాడు నా చిన్నప్పటి స్నేహితుడు."

"అందుకే అంటున్నానండి" అంది.

ఆ రోజు వాడు ఇంకో పది రోజులు తీసుకెళ్లాడు. హోటల్ కంట్రోలర్ ఆయన ఫోనులో విరుచుకుపడ్డాడు. "ఏవండీ, మీరు చేస్తున్నది రిలీజు ప్లానా, పెళ్లి ముహూర్తమా? ఇంకెన్నిసార్లు మారుస్తారు? ఎవరి కోసం మారుస్తున్నారో నాకు తెలీదనుకోకండి."

"అందరి కోసమేనండీ" అన్నాను. నా గొంతు నాకే పాత సరుకు అమ్ముతున్నవాడి గొంతులా వినిపించింది.

చివరికి ఆ తేదీ వచ్చింది. పొద్దున్నే లైబ్రరీలు విడుదల చేశాం. కీసర అమ్మాయి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. పొట్లం విప్పుతుండగా హైదరాబాద్ నుంచి ఫోను. మూడు కంట్రోలర్లనూ కస్టమరుకి పంపేముందు తనిఖీ చేసే ఆవిడ.

"సార్, చిన్న డౌటు. 'ఇక్కడ బేరం లేదు' అని రాసుంది, ఏంటండీ ఇది?" అని నవ్వుతోంది.

"అది నేనే రాశానండి. కొత్త లైబ్రరీ చూస్తున్నారా?"

"లేదండి, అది ఇంకా తెరవలేదు. ఇది ఫ్యాక్టరీ కంట్రోలర్‌లో ఉంది. పోయిన వారం వచ్చింది కదా, అందులో."

మా లైబ్రరీ ఆ పొద్దునే విడుదలయింది. ఆ మాట పోయిన వారం వాడి పెట్టెలోకి ఎలా వెళ్లింది?

"వాళ్లు మీ లైబ్రరీ వాడటం లేదటగా సార్? అంతా వాళ్ల లోపలే పెట్టుకున్నామని చెప్పారే. కస్టమరుకి నమూనా పంపితే నచ్చేసింది కూడా. మీకు తెలీదా?"

"తెలుసండి" అన్నాను. కొట్లో పుట్టినవాడు సరుకు పోయిందని బయటికి చెప్పడు.

పక్కగదిలోకి వెళ్లాను. వాడు అట్టపెట్టెలో కంప్యూటర్ వైర్లు చుట్టి పెడుతున్నాడు. నన్ను చూసి ఆగలేదు.

"మా లైబ్రరీ మొత్తం నీ దాంట్లోకి కాపీ చేసుకున్నావా?"

"చేసుకున్నా."

"మరి వారం, పది రోజులు అని నా చేత ఎందుకు జరిపించావురా?"

"నీ రిలీజు ముందొస్తే నేను కూడా దాని మీదికే ఎక్కాలిగా? ఆ తర్వాత నా పెట్టె ఎప్పుడు బయటికెళ్లాలో నీ గదిలో తేలుద్ది. నాది ముందు కస్టమరు చేతిలో పడాలి. వరుస పెట్టే ముక్క ఒక్కటే తక్కువయింది. అది నువ్వు రాసిచ్చావు."

"నేను నీకు రాసివ్వలా. అందరికీ రాశా."

"బావా, బేరంలో మోసమేంటి? నేను అడిగా, నువ్వు ఇచ్చావు. నువ్వు ఆ హోటలాయనకి చెప్పే తేదీలన్నీ నిజమేనా?"

నేను హైదరాబాద్ వాళ్లిద్దరికీ చెప్పినవి బేరం మాటలే, అది వాళ్లకీ తెలుసు, కాసేపు లాగి ఒకచోటికి వచ్చేవాళ్లం. వీడితో నేను అసలు బేరమే ఆడలేదు. అడిగినంతకి ఇచ్చాను. ఈ తేడా వాడికి తెలియదనుకోను. ఎదురుకొట్లోనూ పొద్దున్నే తక్కెడకు దణ్ణం పెట్టేవాళ్లు.

"మా గది పోతుందని తెలుసుగా?" అన్నాను.

"నువ్వు హైదరాబాద్ వచ్చెయ్. నేను చెప్తాలే వాళ్లకి" అన్నాడు. అప్పటికే వాణ్ణి అక్కడ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టడం ఖాయమయిందని సాయంత్రానికి తెలిసింది.

యజమాని మాట తప్పలేదు. మూడూ ఎక్కితే అన్నారు. రెండే ఎక్కాయి. గది ఖాళీ అయింది. కీసర అమ్మాయి తన టీ గ్లాసు సంచిలో వేసుకుని, "పెన్ను అడిగితే ఇవ్వలేదు మీరు" అని మాత్రం అని బస్సెక్కింది. బజ్జీలు ఏమయ్యాయో గుర్తులేదు.

నేను హైదరాబాద్ వెళ్లలేదు. వేరే ఉద్యోగం చూసుకునేదాకా అని కొట్లో కూర్చున్నాను. ముక్త్యాల సిమెంటు లారీల డ్రైవర్లతో బీడీ కట్టల మీద బేరమాడుతుంటే మా నాన్న పక్కనుంచి, "గోడౌను బాబు కొట్లోకొచ్చాడు" అని వేళాకోళం చేసేవాడు.

కొన్ని నెలల తర్వాత, ఒక పొద్దున నీళ్లు చల్లి, తక్కెడకు దణ్ణం పెట్టుకుని తిరిగేసరికి మెట్టు మీద వాడు. చిక్కిపోయాడు.

"బావా, బోణీ."

వాడే చెప్పుకొచ్చాడు. వరుస పెట్టే ముక్కలో తప్పుందట. ఫ్యాక్టరీలో డబ్బాలు ఎక్కువయ్యేసరికి సందేశాలు ఇరుక్కుపోయి మొత్తం ఆగిపోతోందట. ఆ తప్పు నాకు తెలుసు. రిలీజు అయ్యాక, గది మూసేలోపు, కీసర అమ్మాయే పట్టుకుంది, నేనే సరిచేశాను. గోడౌనులో బాగుచేసిన సరుకు రెండు కొట్లకీ దానంతటదే చేరింది. వాడు ముందే భుజాన వేసుకెళ్లిన బస్తాకి ఎలా చేరుతుంది?

"ఇప్పుడు కొత్తదాని మీదికి మారాలంటే మొత్తం విప్పాలిరా. అంత టైము లేదు. ఎక్కడ ఏం మార్చావో ఒక్క మాట చెప్పు. బోణీ వేళ అడుగుతున్నా, కాదనకు."

లోపల మా నాన్న బెల్లం దిమ్మ పగలగొడుతున్న చప్పుడు ఆగింది. నేను గల్లాపెట్టె మీద చెయ్యి వేశాను. అందులో అప్పటికి ఒక్క రూపాయి కూడా పడలేదు.

"బోణీ అయిపోయిందిరా" అన్నాను.

వాడు గల్లాపెట్టె వంక చూశాడు. తడి ఆరని గుమ్మం వంక చూశాడు. అందులో వాడి చెప్పుల గుర్తులు తప్ప ఇంకేం లేవు. కొట్టువాళ్ల పిల్లాడు, వాడికి తెలియనిదేముంది. మెట్టు దిగి, ఎదురుగా ఇంకా తెరవని వాళ్ల కొట్టు ముందు నుంచి బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

మా నాన్న బయటికొచ్చి నన్ను చూశాడు. కొట్లో ఆ అబద్ధం ఎన్నడూ విని ఉండడు. చెంబుతో నీళ్లు తెచ్చి, గుమ్మంలో మళ్లీ చల్లి, తక్కెడకు మళ్లీ దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన ముసలమ్మ పసుపు అడిగింది. ఆవిడ చెప్పిన ధరకే పొట్లం కట్టాను. దారం ముడి మాత్రం రెండుసార్లు జారిపోయింది.